మా ఇంట్లో కూడా బాతే

ఆ రోజుల్లో ఇంగ్లీషు టైపు చేయడం వస్తే చాలు, తెల్లవాళ్ళ గురించి సమస్తమూ తెలిసినట్టేనని మా ఆఫీసులో గట్టి నమ్మకం. నాకైతే మరో అర్హత కూడా ఉండేది, నేను కిరస్తానీ పిల్లని. విశాఖపట్నంలో అవుటర్ హార్బరు పనులు జరుగుతున్న కాలం అది. ఆ పనుల్లో ఓ ముక్క చేస్తున్న కంపెనీలో నేను టెంపరరీ టైపిస్టుని. ఇరవై ఒక్కేళ్ళు. ఒక్క పర్మనెంటు కాగితం తప్ప లోకంలో నాకు లేని గొప్పతనం ఏదీ లేదనుకునే వయసు.

సముద్రం అడుగున మట్టి తవ్వే ఓడ మీద పనికి హాలెండు నుంచి ఒక ఇంజనీరు భార్యాపిల్లలతో దిగాడు. ఆవిడని అందరం దొరసాని అనేవాళ్ళం. (తెల్లగా ఉంటే చాలు, ఏ దేశమని అడక్కుండానే దొరతనం మేమే ఇచ్చేసేవాళ్ళం.) డిసెంబరు రాగానే మా మేనేజరు నన్ను పిలిచారు. "చూడమ్మాయ్, క్రిస్మస్ మీ పండగే గదా. ఆవిడకి ఏ లోటూ రాకుండా చూసుకో. జనవరిలో నీ పర్మనెంటు సంగతి చూద్దాం" అని, ఆ రెండు మాటలకీ సంబంధం లేనట్టు కిటికీలోంచి బయటికి చూశారు.

దొరసానికి కావలసినవి రెండే: ఒక చెట్టు, కాల్చడానికి ఒక బాతు. "మీ ఇంట్లో పండక్కి ఏం చేస్తారు?" అని ఆవిడ మామూలుగా అడిగింది. "మా ఇంట్లో కూడా బాతేనండీ" అనేశాను. (మా ఇంట్లో బాతుని కాల్చాలంటే ముందు బాతు ఉండాలి, తరవాత ఓవెన్ ఉండాలి. మాకున్నది ఒక కిరసనాయిలు స్టవ్వు, దాన్ని రోజూ తిట్టే మా అమ్మ.)

చెట్టు కోసం ఆఫీసు డ్రైవరు బీచి నుంచి సరుగుడు కొమ్మ నరుక్కొచ్చాడు. మంచు కోసం నేను మందుల షాపులో దూది కొని దాని నిండా అంటించాను. మంచు కురిసినట్టు లేదు, చెట్టుకి ఏదో ప్రమాదం జరిగి కట్టు కట్టినట్టు ఉంది. దొరసాని చాలాసేపు చూసి థాంక్యూ అంది. ఇక బాతు కోసం డ్రైవరు పద్మనాభం అనే ఊరి దాకా వెళ్ళొచ్చాడు. "సచ్చిన బాతు దొరకదు అమ్మాయిగోరూ, బతికున్నదే దొరికినాది" అని పండక్కి నాలుగు రోజుల ముందే దాన్ని దొరసాని వాళ్ళ పెరట్లో వదిలాడు. నాలుగు రోజులంటే పిల్లలకి ఎంతో కాలం. ఇద్దరూ దానికి పేరు పెట్టారు, టబ్బులో స్నానం చేయించారు, రొట్టె తినిపించారు.

పండగనాడు ఉదయం, పర్మనెంటు ఉద్యోగినిలా నడుచుకుంటూ వాళ్ళింటికి వెళ్ళాను. వంటవాడు కత్తి పట్టుకుని నిలబడ్డాడు. పిల్లలిద్దరూ స్నానాల గది గుమ్మానికి అడ్డంగా పడుకుని ఏడుస్తున్నారు. బాతు లోపల ఉంది. దొరసాని నా వైపు తిరిగి, "దీన్ని చంపలేం. అయినా పరవాలేదు, మీ ఇంట్లో బాతు ఉంటుందిగా. మేమే మీ ఇంటికొస్తాం" అంది.

దొర ఓడ మీద ఉన్నాడు. మిగిలినవాళ్ళం ఆఫీసు కారెక్కాం. డ్రైవరు తెలుగులో నెమ్మదిగా అడిగాడు. "ఇంటికాడ అమ్మకి తెలుసా?"

"తెలీదు."

"అయితే నాను మెల్లగా తోల్తాను."

అతను ఎంత మెల్లగా తోలినా మా ఇల్లున్న జ్ఞానాపురం వచ్చేసింది. అమ్మ ఏమాత్రం కంగారుపడలేదు. చాప పరిచి, విస్తళ్ళు వేసి, పలావూ కోడికూరా వడ్డించింది. దొరసాని విస్తరి చూసి, "బాతు ఏది?" అంది.

"ఏటంతందే ఆవిడ?" అంది అమ్మ.

"కూర బాగుందంటోంది."

"ఇంకా సెయ్యెట్టనే లేదు గదే."

నేను దొరసాని వైపు తిరిగి, చుట్టాలు ముందే వచ్చి బాతంతా తినేశారని చెప్పాను. ఆవిడ మా వంటగది వైపు చూసింది, స్టవ్వు వైపు చూసింది, తరవాత నా మొహం వైపు. పిల్లలు చేత్తో కలుపుకుని తింటుంటే తనూ కలుపుకుంది. సగం తిన్నాక నాకు మాత్రమే వినపడేలా అంది. "మా నాన్న చేపలు పట్టేవాడు. మా ఇంట్లో పండక్కి బఠాణీల సూపూ రొట్టే. ఇక్కడందరూ నన్ను పెద్ద దొరసానిని చేసేశారు. బాతు లేకపోతే బాగుండదేమో అనుకున్నాను."

"ఇప్పుడేటంతంది?" అంది అమ్మ.

"ఇంకొంచెం పలావు కావాలంటోంది."

అమ్మ మొహం వెలిగిపోయింది. రెండు గరిటెలు నిండుగా వడ్డించింది. దొరసాని ఒకసారి నన్ను చూసి, ఒక్క మెతుకు మిగల్చకుండా తినేసింది.

జనవరిలో పర్మనెంటు కాగితం వచ్చింది. విదేశీయుల అభిరుచులు నాకు బాగా తెలుసునని మేనేజరు అందులో రాయించారు, ఆ మాటలు నేనే టైపు చేశాను. దొరసాని అన్నదేమిటో మాత్రం అమ్మ పోయేదాకా చెప్పలేకపోయాను. అది చెప్పాలంటే ముందు దొరసానితో నేనేమన్నానో చెప్పాలి, అమ్మ చేతి పలావు చూసి ఒకప్పుడు సిగ్గుపడ్డానని ఒప్పుకోవాలి. ఆ టైపిస్టు పిల్ల ఇప్పుడెక్కడైనా ఎదురైతే నేనేమీ తిట్టను. విస్తరి ముందు కూర్చోబెట్టి, మాట్లాడకుండా తినమంటాను.