వినపడకుండానే ఓకే చెప్పాను

మధురానగర్‌లో మేం ప్రాక్టీసు చేసే స్విమ్మింగ్ పూల్ నుంచి బయటికొచ్చి ఒంటికాలి మీద ఎంత గెంతినా, ఆ రోజు నా కుడి చెవిలో చేరిన నీళ్లు బయటికి రాలేదు. మూడు రోజులైనా రాలేదు. నీళ్లలో బతికేవాడికి ఇది మామూలేలే అనుకుని ఇయర్ బడ్ పెట్టి తిప్పాను. నా మొదటి తెలివితక్కువ పని అదే.

నేను సినిమాల్లో నీటి సీన్లకు డూప్‌ని. ఫిల్మ్‌నగర్‌లో అద్దెకుంటాను. ఇటు రాకముందు చాలా ఏళ్లు హిమాలయాల దిగువ నదుల్లో ఒక్కరే కూర్చుని తెడ్డేసే కయాక్ పడవ నడిపాను. మేం వాడేది పొట్టి కయాక్. లోపల గాలి తక్కువ కాబట్టి పడవ ముక్కు ఇట్టే మునుగుతుంది. మునిగిన ముక్కును నది పైకి తంతుంది. ఆ ఊపులో పడవతో సహా గాల్లో పల్టీ కొడతాం. దాన్ని లూప్ అంటారు. చూసేవాళ్లకు భలే సరదా. కొట్టేవాడి తల మాత్రం ప్రతిసారీ మంచునీళ్లలో మునిగి లేవాలి.

చెవి మెల్లగా మూసుకుపోతూ వచ్చింది, కొన్నాళ్లకు రెండోదీ అంతే. ఈ సంగతి ఫైట్ మాస్టర్‌కి తెలిస్తే మళ్లీ పిలవడని భయం. అందుకని పెదాలు చూసి మాట పట్టుకోవడం, పట్టలేకపోతే నవ్వేసి తలూపడం అలవాటు చేసుకున్నాను. "వీడికి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టేరా" అని మాస్టర్ వేళాకోళం చేస్తే అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

ఆ సినిమాలో హీరోకి నేను డూప్, హీరోయిన్‌కి శిరీష. రహమత్ నగర్ అమ్మాయి. కయాక్ నేర్పింది నేనే, నన్ను అన్నా అంటుంది. షూటింగ్ కొండల్లోని నది మీద. రాయి మీంచి దూకిన నీరు వెనక్కి తిరగబడే చోట మేం పల్టీలు కొట్టాలి. అక్కడ ఒక్క పడవకే చోటు. పై నుంచి వచ్చేవాళ్లు "రానా?" అని అరిచి అడగాలి. లోపలున్నవాడికి మాట్లాడే ఊపిరుండదు కాబట్టి హెల్మెట్ మీద అరచెయ్యి పెడతాడు. చెయ్యి పెడితే ఓకే, వచ్చెయ్యమని. బాగానే ఉన్నానని చెప్పడానికీ అదే సైగ.

అది రిహార్సల్, కెమెరాలు ఆగి ఉన్నాయి. శిరీష నోరు కదలడం చూశాను. ఏమందో వినపడలేదు. 'బాగానే ఉన్నావా' అని అడిగిందనుకుని తల మీద చెయ్యి పెట్టి, ఇంకో లూప్‌కి ముక్కు ముంచాను. పైకి లేచి పడేసరికి, రమ్మన్నాననుకుని లోపలికొచ్చేసిన ఆమె భుజం మీద నా పడవ పడింది. కాలర్ బోన్ విరిగింది.

ఒడ్డున మాస్టర్ నా చెవి దగ్గరకొచ్చి అడిగాడు. "నువ్వు సిగ్నల్ ఇచ్చావా?"

ఈ ప్రశ్న మాత్రం నాకు బాగా వినపడింది.

"లేదు మాస్టర్. తనే తొందరపడింది."

శిరీష నొప్పితో మూలుగుతూనే "అన్న చెయ్యి పెట్టిండు సార్, నేను చూసిన" అంది. సీనియర్ మాటే చెల్లింది. ఆ పైన ఆమెను ఎవరూ పిలవలేదు. ఛీ, ఎంత నీచం! తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

హైదరాబాద్ వచ్చాక చెవిపోటుతో దవడ కూడా తెరవలేకపోయాను. జూబ్లీ హిల్స్‌లో ఒక ఈఎన్‌టీ డాక్టరమ్మ దగ్గరికెళ్లాను. స్కోప్ పెట్టి చూసి, సీటీ స్కాన్ తీయించి చెప్పింది. "ఎక్సోస్టోసిస్ అండీ. ఏళ్ల తరబడి చన్నీళ్లు, గాలి తగిలి చెవి దారిలో ఎముక పెరిగింది. ఎన్నాళ్ల నుంచి వినపడట్లేదు?"

"మొన్నటి నుంచే" అన్నాను.

ఆడియోగ్రామ్‌కి పంపారు. చిన్న గది, హెడ్‌ఫోన్లు, చేతిలో బటన్. శబ్దం వినపడితే నొక్కాలి. వినపడకపోయినా అందాజుగా నొక్కుతూ పోయాను. రిపోర్టు చూసి డాక్టరమ్మ కళ్లద్దాలు తీసింది.

"సౌండ్ ఇవ్వనప్పుడు కూడా నొక్కారేంటండీ? ఇక్కడ మీకేమైనా మార్కులు వేస్తున్నామా?"

తల కొట్టేసినట్టయింది. నదిలో చేసిందీ ఇదేగా! ఆమె ముందే బావురుమన్నాను. నొప్పికనుకుందో ఏమో, నీళ్లిచ్చి మళ్లీ టెస్టుకి పంపింది. ఈసారి నిజంగా వినపడినప్పుడే నొక్కాను. చాలాసేపు నొక్కాల్సిన పనే పడలేదు.

కెనాల్‌ప్లాస్టీ చేశారు. చెవి వెనక కోసి, పెరిగిన ఎముకను డ్రిల్‌తో తీయడం. కొన్ని వారాలు చెవి నిండా ప్యాకింగ్. అది తీశాక ఇన్ఫెక్షన్ వచ్చి చీము కారింది, మళ్లీ యాంటీబయాటిక్స్. "తలకి చుక్క నీళ్లు తగలకూడదు" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. రెండో చెవికి ఇంకొన్ని నెలలాగి చేశారు.

మొదటి చెవి తెరుచుకున్నాక ఇంట్లో కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడ్డాను. సంతోషించాల్సింది పోయి, శిరీష గొంతు గుర్తొచ్చింది. ఇక ఉండలేక రహమత్ నగర్ వెళ్లాను. గుమ్మంలోనే ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"నాకు ఎరుక లేదా అన్నా? చెయ్యి పెట్టంగ చూసిన గదా" అంది. "బొక్క అతుక్కుంది. పోయిన పేరు అతుకుతదా? నాతోని చెప్పుడేంది, మాస్టర్ ముంగట చెప్పు."

మర్నాడు ఇద్దరం కలిసి మాస్టర్ ఆఫీసుకు వెళ్లాం. యూనిట్ అంతా ఉంది. చెవి సంగతి, చెయ్యి సంగతి, అబద్ధం, మూడూ చెప్పాను. మాస్టర్ నా వైపు చూడకుండా "అమ్మా, వచ్చే షెడ్యూల్‌కి రెడీగా ఉండు" అన్నాడు శిరీషతో. నన్ను మళ్లీ పిలవలేదు. పిలవకపోవడమే న్యాయం.

ఇప్పుడు పూల్‌లో కొత్తవాళ్లకు రోల్స్, అంటే తలకిందులైన కయాక్‌ని మళ్లీ పైకి తిప్పడం, నేర్పుతున్నాను. ఇయర్ ప్లగ్స్ లేనిదే ఎవరినీ నీళ్లలోకి దిగనివ్వను. చన్నీళ్లలో తిరిగే మీ అందరికీ చెప్పేదొక్కటే: చెవిలో నీళ్లు బయటికి రావడం లేదనిపిస్తే బడ్స్ పెట్టకండి, ఈఎన్‌టీకి చూపించండి. వినపడకపోతే వినపడలేదని అనండి.

శిరీష అప్పుడప్పుడు ప్రాక్టీసుకొస్తుంది. "రానా అన్నా?" అని అడుగుతుంది. నాకు బాగానే వినపడుతుంది. అలవాటు కొద్దీ హెల్మెట్ మీద చెయ్యి పెడతాను. ఆమె కదలదు.

"నోటితోని చెప్పు" అంటుంది.