తిరుగు బొగ్గు

మా ఆయన అమలాపురం నుంచి రాజోలు వైపు బొగ్గు బస్సు నడిపేవారు. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క, బస్సు వెనక పొయ్యి బిగించి, కొబ్బరి చిప్పల బొగ్గు కాల్చి, అందులోంచి వచ్చే మండే గాలితో ఇంజను నడిపించేవారు. బస్తాలన్నీ బస్సులోనే వేసుకుంటే జనానికి చోటుండదు. అందుకని తిరిగి రావడానికి కావలసిన బొగ్గును ముందే కాలవ పడవలో పంపేవారు. దాన్ని తిరుగు బొగ్గు అనేవారు. అది చేరిందని కబురు వస్తేగాని, ఎక్కినవాళ్ళు ఎంత సణిగినా ఈయన బస్సు కదిలించేవారు కాదు.

యుద్ధం అయిపోయింది, పెట్రోలు వచ్చింది. ఆయన ఊపిరితిత్తుల్లో చేరిన పొగ మాత్రం పోలేదు. అరుగు మీద మంచం వేయించుకుని వారపత్రికలు చదవడమే పనయింది. అంగారక గ్రహం మీదికి మనుషుల్ని పంపాలని పై దేశాలవాళ్ళు ఆలోచిస్తున్నారని ఒకదాంట్లో రాశారు. ఇక మా ఇంట్లో వేరే మాట లేదు.

"వెళ్ళడం కాదు, రావడం చూడాలి," అనేవారు. "రావడానికి కావలసిన చమురు కూడా మోసుకెళ్తే ఆ బండి లేవదు. ముందు యంత్రాన్ని పంపాలి. అక్కడ మంచు ఉందంటున్నారు. దాన్ని కరిగించి, ఆ నీళ్ళని కరెంటుతో విడగొడితే మండే గాలి వస్తుంది. అది నిండిందని కబురొచ్చేకే మనుషులు ఎక్కాలి."

"ఆయ్, అలాగేనండి. ముందు ఈ కషాయం తాగండి. వీధి చివరిదాకా నడవలేరు గాని కుజుడి మీదికి బయల్దేరేరు," అనేదాన్ని. ఆయన నవ్వబోయి దగ్గేవారు. నాకు ఏడుపొచ్చేది. అది కనపడకుండా విసురుగా లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

ఆఖరికి గోదావరి అవతల పెద్దాసుపత్రిలో చేర్చాలన్నారు. అత్తగారిని ఒంటరిగా వదలలేక నేను ఉండిపోయాను. గది చూడ్డానికి మా మరిది ముందురోజే బయల్దేరితే, అతని చేత ఒక బస్తా చిప్పల బొగ్గు పంపించాను.

"అక్కడ దొరకదా వదినా?" అన్నాడు.

"తీసుకెళ్ళవయ్యా," అన్నాను.

మర్నాడు రేవులో, తోడు వెళ్ళే ఊరివాళ్ళతో పడవ ఎక్కబోతూ ఆయన నా వైపు తిరిగి, "చేరిందా?" అని అడిగారు. ఆయనకి ఎవరు చెప్పారో తెలియదు.

"చేరిందండి. పొద్దున్నే పడవవాడు చెప్పేడు," అన్నాను. అప్పుడు ఎక్కారు.

ఆయన ఆ ఆసుపత్రిలోనే పోయారు. మరిది బస్తాను కట్టు విప్పకుండానే వెనక్కి తెచ్చాడు. దాన్ని చూసి, గడపలోనే కూలబడి ఏడ్చాను.

కర్మలు జరిగే రోజుల్లో ముసురు పట్టి కట్టెలన్నీ తడిసిపోయాయి. వచ్చినవాళ్ళకి వంట చేయాలి, ఆ బస్తా విప్పమన్నారు అత్తగారు. నేను దానికి అడ్డంగా కూర్చున్నాను.

"అది ఆయన రావడానికి పంపింది కదండీ అత్తయ్యగారూ," అన్నాను.