నియంత బొమ్మలూ, నా ముగ్గులూ

ఆ రోజుల్లో మా కొత్తపేటలో పరీక్ష రాసేది ఒక్కరే అయినా, తప్పేది మాత్రం వీధి మొత్తం. ఫలితాలు వచ్చిన రోజున ఎవరింట్లో ఏ పిల్ల తప్పినా, ఇరుగు పొరుగు కూడా ఆ పూటకి పోపు ఘుమఘుమ బయటికి రాకుండా వండుకునేవారు. పరామర్శకి వచ్చినవాళ్ళు మనింట్లోని మంచినీళ్ళు మనకే తెచ్చి తాగించేవారు. ఇప్పుడు ఎవరి మార్కులు వాళ్ళ ఫోనులో వాళ్ళు చూసుకుని, ఎవరి ఏడుపు వాళ్ళు ఏడుస్తున్నారు. నేను అదృష్టవంతురాలిని. నేను డ్రాయింగు లోయర్ పరీక్ష తప్పినప్పుడు నా కోసం వీధి వీధంతా భయపడింది. (దిగులుపడింది అని రాయబోయి ఆగాను. భయపడిందన్నదే నిజం.)

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఆడపిల్లల హైస్కూల్లో నాకు బొమ్మలు నేర్పిన డ్రాయింగు టీచరమ్మ త్వరలో రిటైరు కాబోతున్నారు. చర్చి వీధిలో ఉండేవారు. తెల్ల చీర, తక్కువ మాటలు. "లోయరూ హయ్యరూ పాసై, ట్రైనింగు చేసి వచ్చెయ్యమ్మా. నా కుర్చీలో నువ్వే కూర్చోవాలి" అని ఆవిడ ఒకసారి అన్నారు. అప్పటినుంచీ నాకు లోకంలో ఆ కుర్చీ తప్ప ఇంకేమీ కనబడలేదు. కాకినాడ వెళ్ళి పరీక్ష రాశాను, తప్పాను. గుళ్ళూ మేడలూ వంతెనలూ స్కేలు లేకుండా గీసేదాన్ని గానీ, మనిషి దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి పడిపోయేది. నేను గీసిన మనుషులు దండెం మీద ఆరేసిన బట్టల్లా ఉండేవారు. అందుకని మనుషుల్ని గీయడమే మానేశాను. (దీన్ని శైలి అంటారని నాకు గట్టి నమ్మకం.)

నన్ను ఓదార్చే పని మా బాబయ్య నెత్తిన వేసుకున్నాడు. నాన్నగారి తమ్ముడు, సోషల్ మేష్టారు. రాజమండ్రిలో పాత పుస్తకాల దుకాణంలో కొన్న ఇంగ్లీషు పత్రిక ఒకటి తెచ్చి నా ముందు పరిచాడు. రెండు పేజీల నిండా రంగు బొమ్మలు. వేసింది జర్మనీ నియంత. పేరెందుకులెండి, ముక్కు కింద ముక్కు వెడల్పే మీసం పెట్టుకున్నాయన. "పిచ్చిదానా, పరీక్ష తప్పితే ఏమైందే? ఇదిగో చూడు, ఎంతవాడు తప్పేడో! చిత్రకళ చదువుదామని వెళ్తే రెండుసార్లు తప్పించేరుట!" అని బాబయ్య మహా ఉత్సాహంగా చదివి వినిపించాడు. మా మామ్మ, అంటే ఆయనా నాన్నగారూ ఇద్దరికీ అమ్మ, పక్కనే చింతపండులో గింజలు తీస్తూ వింటోంది.

"పాపం! తరవాతేం చేసేడ్రా?"

"తరవాతా..." అని బాబయ్య ఆగాడు. తన ఉదాహరణ ఎటు పోతోందో అప్పుడే తట్టినట్టుంది. "తరవాత... యుద్ధం తెచ్చి ప్రపంచాన్ని తగలబెట్టేడమ్మా. లక్షల మందిని పొట్టన పెట్టుకున్నాడు."

మామ్మ చేతిలో చింతపండు చేతిలోనే ఉండిపోయింది. "పరీక్ష తప్పినందుకా?"

"అంటే... అదొక్కటే కాదనుకో..."

"సెప్టెంబర్లో మళ్ళీ రాసుకోవచ్చు కదరా, ఈ మాత్రం దానికి!"

మా అమ్మ వంటింట్లోంచి, "ఆడపిల్ల కదండీ, నియంత ఎలా అవుతుంది?" అంది. బాబయ్య గబగబా లేచి వీధి కిటికీ తలుపులు వేసేశాడు. "వదినా, ఆ మాట ఈ రోజుల్లో గట్టిగా అనకు" అన్నాడు గొంతు తగ్గించి. (అవి ఎమర్జెన్సీ రోజులు లెండి.)

మర్నాడు మధ్యాహ్నానికల్లా ఆ పత్రిక మా వీధి అరుగు మీదికి చేరింది. ఎదురింటి అత్తయ్యగారు వచ్చారు. ఆవిడ మాకు చుట్టం కాదు గానీ, మా ఇంట్లో ఏ కూరో మాకంటే ముందు ఆవిడకి తెలిసేది. మా తాటాకు వంటింటి గోడ మరమ్మతు చేస్తున్న తాపీ మేస్త్రి కూడా చేతులు కడుక్కుని వచ్చి వంగి చూశాడు. ప్రపంచంలో పెద్దపెద్ద విమర్శకులు ఆ బొమ్మల గురించి ఏమన్నారో నాకు తెలీదు. మా అరుగు మీద జరిగిన విచారణ మాత్రం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"గోడలు నిక్కచ్చిగా ఉన్నాయండీ. కొత్తగా సున్నం కొట్టినట్టున్నాయి. చెయ్యి మంచిదే, అబద్ధం ఎందుకూ" అన్నారు అత్తయ్యగారు.

"ప్లాను బాగానే ఉందండి. కానండి, ఇంత మేడకి ఒక్క తూమూ ఎట్టలేదండి. వానొస్తే నీళ్ళు ఎటెళ్తాయండి?" అన్నాడు మేస్త్రి.

"అక్కడ మంచు కురుస్తుంది" అన్నాడు బాబయ్య.

"అదైనా కరుగుద్ది కదండి."

మామ్మ కళ్ళజోడు సరిచేసుకుని పత్రికని ముక్కుకి ఆనించుకుంది. చాలాసేపు చూసింది. "ఇంత పెద్ద వీధి. తెల్లారినట్టే ఉంది. ఒక్క మనిషి లేడేవిట్రా? పాలవాడైనా రాడూ?"

"ఉన్నారమ్మా. ఇదిగో, ఈ నల్ల చుక్కలు మనుషులే."

"నువ్వులు ఒలికేయేమో అనుకున్నాను" అంది మామ్మ.

అప్పుడు అత్తయ్యగారు ఏ దేవుడు పుట్టించిన బుద్ధో, తలెత్తి మా గోడకేసి చూశారు. అక్కడ నేను వేసిన ద్రాక్షారామం గుడి తగిలించి ఉంది. గోపురం నిక్కచ్చిగా ఉంది. గోడలకి కొత్తగా సున్నం కొట్టినట్టుంది. భక్తులు లేరు. సరిగ్గా చూస్తే ధ్వజస్తంభం దగ్గర రెండు నువ్వు గింజలు ఉన్నాయి. అత్తయ్యగారి చూపు వెంట మామ్మ చూసింది, మామ్మ వెంట మేస్త్రి చూశాడు. తరవాత ముగ్గురూ కలిసి నాకేసి చూశారు. నేను ఊరికే ఉక్కపోసి ముక్కు కింద చెమట పడితే రెండు వేళ్ళు అడ్డం పెట్టి తుడుచుకున్నాను, అంతే. అత్తయ్యగారు ఒక అడుగు వెనక్కి వేశారు.

ఆ సాయంత్రం పెద్దవాళ్ళు తేల్చింది ఏమిటంటే, తప్పంతా ఆ జర్మనీ వైపు పేపర్లు దిద్దినాయనది. "ఓ అయిదు మార్కులు పడేస్తే ఆయన సొమ్మేం పోయేదండీ? ఎక్కడో ఓ బడిలో డ్రాయింగు మేష్టారుగా పడుండేవాడు కదా!" అని అత్తయ్యగారు కళ్ళు ఒత్తుకున్నారు. ఆ తప్పు కొత్తపేటలో మాత్రం జరగకూడదని అందరూ అనుకున్నారు. ఇదంతా నాకు తరవాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసిందల్లా, మర్నాటినుంచి లోకానికి ఉన్నట్టుండి కళాదృష్టి వచ్చిందని.

నేను వేసిన కొబ్బరితోట చూసి అత్తయ్యగారు "కాయలు కోసుకోవాలనిపిస్తోందమ్మా" అన్నారు. (అందులో కాయలు లేవు.) మేస్త్రి నా గుడి బొమ్మ ముందు చెప్పులు విప్పి దణ్ణం పెట్టాడు. మా అమ్మ పప్పులో ఉప్పు లేదంటే ఊరుకోదు గానీ, నా బొమ్మలో నీడ తప్పు పడినా "సూర్యుడే అటు తిరిగి ఉంటాడు" అనేది. పది రోజుల్లో నాకు తల బరువెక్కింది. సాధన మానేశాను. ఇంత చెయ్యి ఉన్నదానికి ఇంకా సాధనేమిటి? ఇరవయ్యో రోజుకి వీధి ముగ్గుల మీద పడ్డాను. ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు చుక్కలు పెట్టి మెలికలు తిప్పడం నాకు కంటగింపుగా ఉంది. ఇకమీదట వీధంతా నేనిచ్చిన తీగ డిజైనే వెయ్యాలని ఇంటింటికీ కాగితం మీద గీసి పంచాను. "ఆయ్, అలాగేనమ్మా. నువ్వెలా చెప్తే అలాగే" అన్నారు అందరూ. పొద్దున్నే ఈనెపుల్ల పుచ్చుకుని ఇంటింటి ముందూ తిరిగి తనిఖీ చేసేదాన్ని. ఆకు వంకర పోతే పుల్లతో చూపించేదాన్ని. మోకాళ్ళ నొప్పులున్న అత్తయ్యగారు మూడుసార్లు చెరిపి వేశారు పాపం, ఒక్క మాట అనలేదు.

అలా ఓ పది రోజులు నా పాలన సాగాక, ఒకరోజు పొద్దున్న టీచరమ్మ వచ్చారు. మళ్ళీ పరీక్షకి ఫీజు కట్టానా, సాధన ఎలా సాగుతోంది అని కనుక్కోవడానికి. వీధి మొదలు నుంచి చివరిదాకా ఒకే ముగ్గు చూసి, "ఏమైందిక్కడ? మంత్రిగారెవరైనా వస్తున్నారా?" అని అడిగారు. నేను గర్వంగా నా కొత్త బొమ్మలన్నీ తెచ్చి అరుగు మీద పరిచాను. ఆవిడ ఒక్కొక్కటీ తీసి చూసి, కింద పెట్టి, "బాలేదమ్మా" అన్నారు. "నెల కిందటిదానికంటే చెయ్యి పాడైంది. ఇలా అయితే ఈసారీ పోతావు."

మామ్మ ఆవిడని రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. తలుపు వెనక నుంచి నాకు అన్నీ వినబడ్డాయి. "అమ్మా, మీకు తెలీదు, దాన్ని అలా అనకండి. మేం నెల్రోజుల్నించీ బాగుంది బాగుంది అంటూ కాపాడుకొస్తున్నాం. తప్పిందంటే ఏం చేస్తుందో! మావి తాటాకు వంటిళ్ళు."

ఒక్క బొమ్మ, ఒక్కటంటే ఒక్కటి కూడా ఎవరికీ నచ్చలేదన్నమాట. ఏడుపు, అవమానం, ఒళ్ళు తెలియని కోపం. బొమ్మలన్నీ వాకిట్లో కుప్ప పోశాను. వంటింట్లోకి వెళ్ళి అగ్గిపెట్టె తెచ్చాను.

ఎదురింట్లోంచి అత్తయ్యగారి కేక వినబడింది. "ఓరి నాయనోయ్! మొదలెట్టేసిందర్రా!"

ఆ తరవాత జరిగింది చెప్పడానికి ఎంతసేపో పట్టదు. అత్తయ్యగారు బిందెతో పరిగెత్తుకొచ్చి నా నెత్తిన గుమ్మరించారు. (మోకాళ్ళ నొప్పులు ఆ క్షణానికి ఎటుపోయాయో!) మేస్త్రి సిమెంటు కలిపే నీళ్ళు బాల్చీతో కొట్టాడు. మామ్మ చెంబుతో వచ్చి, కంగారులో ఆ చెంబెడూ అడ్డొచ్చిన బాబయ్య మీద పోసింది. నేను ఇంకా పుల్లైనా గీయలేదు. కళ్ళు తుడుచుకుని చూస్తే నా గుళ్ళూ మేడలూ అన్నీ ఒకే రంగు నీళ్ళయి ముగ్గు మీదుగా కాలవలోకి పోతున్నాయి.

అరుగు మీద ఒక్క టీచరమ్మే పొడిగా నిలబడ్డారు. ఆవిడ గట్టిగా నవ్వగా చూడ్డం అదే మొదటిసారి. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "ఎవరూ కదలకండి" అన్నారు. నాకేసి తిరిగి, "గీయమ్మా. వీళ్ళనే. ఇప్పుడే."

"కాగితాలు లేవండీ."

"గోడ ఉంది కదా. బొగ్గు తెచ్చుకో."

గీశాను. చెయ్యి పడిపోయేంత తీరిక లేదు నాకు, అంత కోపంగా ఉన్నాను. చెంబు పట్టుకుని వంగిపోయిన మామ్మ, నోరు తెరుచుకుని ఖాళీ బిందెతో అత్తయ్యగారు, తడిసిన పంచె పిండుకుంటున్న బాబయ్య, బాల్చీతో మేస్త్రి. గీయడం అయ్యాక వాళ్ళంతా గోడ దగ్గరికి వచ్చారు.

"నా నడుం ఇంత వంగిపోయిందిటే?" అంది మామ్మ.

"నోరు అలా తెరుచుకుని ఉన్నానా నేను? ఎంత మాత్రం బాలేదు" అన్నారు అత్తయ్యగారు.

"నా పొట్ట బాగా ఎక్కువేసేరండి" అన్నాడు మేస్త్రి.

టీచరమ్మ నా భుజం మీద చెయ్యి వేసి, "ఎవరిది వాళ్ళు గుర్తుపట్టి పోట్లాడుతున్నారు. ఇంక భయం లేదు నీకు" అన్నారు. నెలరోజుల పొగడ్తల్లో ఒక్కటీ నాకు అంత తియ్యగా అనిపించలేదు.

తరవాతిసారి లోయర్ పాసయ్యాను, అత్తెసరు మార్కులతోనే. మామ్మ కొబ్బరికాయ కొట్టింది. నాకు ఉద్యోగం వస్తుందని కాదు, గండం గడిచిందని. ఆ కుర్చీలో నేను చాలా ఏళ్ళు కూర్చున్నాను, రిటైరై కూడా పదేళ్ళు దాటింది. మొన్న ఎవరో ఈ కథ చెప్పమంటే చెప్పి, మా వీధివాళ్ళ అమాయకత్వానికి అందరితో పాటు నేనూ నవ్వాను. ఇంటికి వచ్చాక మాత్రం ఈనెపుల్ల పట్టుకుని తిరిగిన ఆ పంతొమ్మిదేళ్ళ పిల్ల చాలాసేపు కళ్ళముందు మెదిలింది. సిగ్గేసింది. అయినా మీ దగ్గర దాపరికమెందుకు, ఆ పొద్దుటిపూటలు నాకెంత బాగుండేవో! ఒక్కరూ కాదనని వీధిలో నడుస్తూ, నాది తప్పేమో అని ఒక్కసారైనా అనుకోలేదు. మా వీధివాళ్ళు భయపడింది మరీ అంత పిచ్చి సంగతికేం కాదు.