బైబిల్లో ఉండిపోయిన కార్డు

గుమస్తా అంటే గుమ్మం దగ్గర నిలబడేవాడని నా సొంత వ్యుత్పత్తి. వకీలుగారు లోపల వాదిస్తుంటే నేను ఫైళ్లు మోసుకుని కోర్టు హాలు గుమ్మంలో నిలబడేవాణ్ణి. శంషాబాద్‌లో బస్సెక్కి, ఆరాంఘర్ మీదుగా రోజూ హైకోర్టుకు వెళ్లడం, కాగితాలు టైపు చేయడం, పోస్టులో వేయడం, ఇదే నా ఉద్యోగం.

మద్యనిషేధం ఉన్న రోజులవి. కొత్వాల్‌గూడ నుంచి ఒక క్రైస్తవ తల్లి మా ఆఫీసుకు వచ్చింది. కొడుకు మీద రెండు సారా కేసులున్నాయి. బయట ఉంటే మళ్లీ అమ్ముతాడని ఏడాదిపాటు ముందస్తు నిర్బంధంలో పెట్టారు. ఇంట్లో భర్తకు ఊపిరితిత్తుల జబ్బు. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు దవాఖానవాళ్లు. ఆయన కళ్లు మూసేలోగా కొడుకు రావాలి, ఆమె కోరిక అంతే. నిర్బంధం నుంచి విడిపించమని వేసే హెబియస్ కార్పస్ పిటిషన్ పేరు ఆమెకు నోరు తిరగలేదు. “ఆ కారుపాసు ఎప్పుడొస్తది బిడ్డా?” అని అడిగేది. బస్సు పాసుకే దిక్కులేని నేను, రేపో మాపో అనేవాణ్ణి.

పిటిషన్ వేయకముందే, కొడుకును వదలమని ఆమె పేరుతో ప్రభుత్వానికి ఒక వినతి రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. దాన్ని పట్టించుకోకుండా మూలన పడేస్తే నిర్బంధం చెల్లదు. అందినట్టు సంతకంతో తిరిగొచ్చే కార్డు మీద మా ఆఫీసు చిరునామా రాయాల్సింది, ఆమె ఇంటి చిరునామా రాశాను. పోస్టాఫీసు రసీదేమో నా చొక్కాతోపాటు ఉతుకుడికి వెళ్లి ముద్దయింది. కార్డు వస్తుందిలే అని ఊరుకున్నాను.

హైకోర్టులో ప్రభుత్వ వకీలు అలాంటి వినతే తమకు అందలేదన్నాడు. మా దగ్గర రుజువు లేదు. పిటిషన్ కొట్టేశారు. అంతకు ముందురోజే ఆమెను అడిగాను, కాగితాలన్నీ ఇచ్చావా అని. అన్నీ ఇచ్చానంది. అబద్ధం కాదు. ఇంట్లో ఇంకెక్కడైనా ఏమైనా ఉందా అమ్మా అని నేను అడగలేదు. ఆ ప్రశ్న ఇన్నేళ్లుగా నిద్రలో అడుగుతూనే ఉన్నాను.

ఇక సుప్రీంకోర్టుకు అప్పీలు. తీర్పు నకలు కోసం తిరిగాను. తెలుగు కాగితాలన్నిటికీ ఇంగ్లీషు తర్జుమాలు టైపు చేస్తున్నాను. ఆ పని పూర్తికాకముందే తండ్రి పోయాడు. కొడుకును ఇద్దరు పోలీసులు తీసుకొచ్చి, సమాధిలో పిడికెడు మట్టి వేయించి, గంటలో వెనక్కి తీసుకుపోయారు.

మూడోరోజు ప్రార్థనకు నేనూ వెళ్లాను. పాస్టరుగారు ఆ ఇంటి బైబిలు తెరిచారు. కీర్తనల మధ్య కార్డు ఉంది. ప్రభుత్వ కార్యాలయం ముద్ర, సంతకం, తేదీ. అందరూ తల వంచారు, నాకు తల తిరిగింది.

తర్వాత అడిగితే ఆమె తాపీగా చెప్పింది.

“అది మీకిచ్చేది కాదు బిడ్డా, దేవునికిచ్చిన. ప్రార్థన తీరేదాక తీయొద్దు కద.”

ఆ ఇంటి వాడుక అది. హాల్ టికెట్టు గాని, దవాఖాన చీటీ గాని, ఏది గండమైతే అది బైబిల్లో పెడతారు. కోరింది జరిగేదాకా ఎవరూ ముట్టరు. అదే పేజీలో భర్త ఎక్స్‌రే చీటీ కూడా ఉంది. పాస్టరుగారు సరేనన్నాక కార్డు తీసి నా చేతికిచ్చింది. చీటీని అలాగే ఉంచేసింది.

కార్డును అప్పీలుకు జతచేశాం. వినతి అందినా నెలల తరబడి జవాబివ్వలేదని ఢిల్లీలో సుప్రీంకోర్టు ముందు ప్రభుత్వం ఒప్పుకోక తప్పలేదు. నిర్బంధం రద్దయింది.

కొడుకు ఇంటికొచ్చిన వారానికి నన్ను భోజనానికి పిలిచారు. హిమాయత్ సాగర్ చేపల పులుసు. రెండు ముద్దలు తిన్నానో లేదో, అతను అడిగాడు.

“అన్నా, ఆ కార్డు హైకోర్టులనే ఉండుంటె, బాపు ఉన్నప్పుడే వస్తుంటినా?”

వంటింటి గడపలో తల్లి గరిటెతో ఆగిపోయింది. వచ్చేవాడే. హైకోర్టు తీర్పు తర్వాత ఆ తండ్రి ఇంకా నెలన్నర బతికాడు.

“లేదు తమ్మీ. కార్డున్నా వాళ్లు ఇనకపోతుండె. ఢిల్లీ దాక పోవుడే ఉండె” అన్నాను.

అతను గడప వైపు తిరిగాడు. “ఇన్నవా అమ్మా, అన్న ఏమంటుండో? ఇగ ఏడుపు బందు చెయ్యి.”

ఎవరి కోసం అడిగాడో అప్పుడు తెలిసింది. ఆమె వచ్చి నా పళ్లెంలో ఇంకో ముక్క వేసింది.

“తిను బిడ్డా. మాకోసం మస్తు తిరిగినవు.”

తిన్నాను.