కాళ్ళ కింద కంబళి

నా చిన్నప్పుడు మాయమ్మ చేసిన పని ఒకటి ఉండాది, ఈ పొద్దు అది చెప్తా, రాసుకో అప్పా. నేను మాట్లాడినట్లే రాయి, బడి పుస్తకం మాదిరి మార్చద్దు.

మాది సోమల పక్కన పల్లె. ఎండలు ముదిరేకి ముందర మాకు చింతకాయలు రాల్చే పని ఉంటాది. మొగోళ్ళు చెట్టెక్కి కొమ్మలు ఊపుతారు, ఆడోళ్ళం, పిల్లోళ్ళం కింద ఏరతాము. మా చిన్నాయన పెండ్లాము, మా పిన్నమ్మ, అప్పటికి కాపురానికొచ్చి యాడాది దాటింటాది. నాకు తలదువ్వి జడేసేది ఆమే. మాయమ్మకు పనులతో తీరేది కాదు. పిన్నమ్మ నవ్వితే ఇల్లంతా నవ్వినట్లుండేది.

ఆమెకు అంతకు ముందేడు ఒకసారి కందిరీగ కుట్టిండె. కుట్టింది చేతికి, దద్దులు లేసింది వీపంతా, కడుపంతా. అప్పుడే మాయమ్మ మా అవ్వతో చెప్పె, "అత్తా, దీన్ని చెట్టు కిందికి పంపద్దు, ఇంగోసారి కుడితే ఇంతకంటే ఎక్కువైతాది" అని. మా అవ్వ అంటే మా నాయన వాళ్ళమ్మ. ఇంట్లో ఆమె మాటే మాట. "పనంటే దద్దులొచ్చే కోడల్ని నేను యాడా సూళ్ళేదమ్మా" అని నగేసె.

అట్ల ఆ యాడాది గూడా పిన్నమ్మ కాయలేరేకి వచ్చె. ఆ పొద్దు కొమ్మ ఊపుతానే గూడు కదిలె. కందిరీగలు దిగబడె. అందరం పరిగెత్తినాము. నాకు గూడా చెవి దగ్గిర ఒకటి కుట్టె. మండింది, వాచింది, అంతే. పిన్నమ్మకు మెడమీద ఒకటే. కొంచేపటికే మొగమంతా ఎర్రగా పొంగె, పెదాలు లావైపాయె, ఊపిరి తీస్తే ఈలేసినట్ల శబ్దం. "అక్కా, కండ్లు తిరగతాండాయి" అని మాయమ్మను పట్టుకోని కూలబడె.

దద్దులు లేస్తే మా ఇండ్లల్లో మందు ఒకటే, కంబళి. గొర్రెబొచ్చుతో నేసింది, గరుగ్గా ఉంటాది. దాంతో ఒళ్ళు రుద్ది, కప్పి కూసోబెట్టి, మజ్జిగ తాగిచ్చి, ఆపైన మంత్రమేసే తాత దగ్గిరికి నడిపించుకోని పోతారు. ఆ తాత ఉండేది ఊరికి ఆ కొసన. మా అవ్వ కంబళి తెప్పిచ్చి, "లెయ్యమ్మా, కూసో, తట్టుకో" అని పిన్నమ్మ రెక్క పట్టి లేపతాండె.

మాయమ్మ పుట్టిల్లు కుప్పం తట్టు, గుడుపల్లె పక్కన. వాళ్ళ నాయనకు తేనెటీగ కుడితే ఇట్లనే లేపి నడిపిచ్చినారంట. వాకిలి దాటలేదు, ఆడే పడి పానం పోయె. ఆలస్యంగా వచ్చిన డాక్టరు చెప్పిన మాట మాయమ్మ ఎన్నటికీ మర్సిపోలే. ఇట్లా అయినప్పుడు రక్తం కాళ్ళల్లోకి దిగిపోతాది, మనిషిని లేపితే గుండెకు చాలదు, పండబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టాల, సూది ఉండే ఆసుపత్రికి బిరీన పోవాల, సూది కాకుండా ఇంగేదీ కాపాడదు అని.

అత్తను కాదంటే రచ్చ. ఆ రచ్చ తేలేలోగా పిన్నమ్మ ఉండదు. మాయమ్మ ఏం చేసెనో సూడు. "అత్తా, కంబళి మంచిదే. వాపు మొగానికి కదా వచ్చిండేది, కాళ్ళ కింద పెడితే కిందికి గుంజుతాది" అనె. మా అవ్వ ఒకపారి ఆలోచించి, తనే మడిచి పెట్టె. మాయమ్మ పిన్నమ్మను పండబెట్టి, కంబళి కింద చింతకాయల గోనె ఒకటి జరిపె. కాళ్ళు ఎత్తులోకొచ్చె, పిన్నమ్మ లేవకుండా పండుకోనే ఉండె. ఊపిరాడక తల ఎత్తబోతే తల కింద చెయ్యి పెట్టె గాని లేవనియ్యలే. కక్కబోతే పక్కకు తిప్పె. మజ్జిగ చెంబు వస్తే, "మంత్రమేసినాక తాగిస్తే ఇంకా బాగా పనిచేస్తాది కదత్తా" అనె. అవ్వే చెంబు ఎనక్కి పంపిచ్చె.

ఆ టైముకు పాల వ్యాను మా రోడ్డు మీద పుంగనూరుకు పోతాది. మా నాయన పోయి దానికి అడ్డం నిలబడె. ఇంగ మంత్రం సంగతి. "మంత్రం ఎందుకు వదలాల? తాతను గూడా ఎక్కించుకుందాం, దోవలో ఏస్తాడు" అనె మాయమ్మ. పాల క్యాన్ల నడుమ పిన్నమ్మను పండబెట్టి, అవ్వ కాళ్ళెత్తి ఒళ్ళో పెట్టుకోని, తాత మంత్రం చదవతా పోయినాము. నేనూ ఎక్కేసింటి, దించేకి ఎవురికీ తీరిక లేదు. "ఇది పాల బండా, దేవుడి తేరా?" అనె డ్రైవరు. "నువ్వు తోలప్పా, దేవుడు ముందరే పోతాండాడు" అనె మాయమ్మ.

ఆసుపత్రిలో డాక్టరమ్మ సూస్తానే తొడకు సూది వేసె. కొంచేపటికి ఆ ఈల శబ్దం తగ్గె. పిన్నమ్మ కండ్లు తెరిసి నా తట్టు సూసె. నాకు అప్పుడు ఏడుపొచ్చె.

"ఇట్ల పండబెట్టి తెచ్చింది ఎవురు?" అని అడిగె డాక్టరమ్మ. మా అవ్వ ముందుకొచ్చి, "మేమే. కంబళి నాది" అనె. తాత గొంతు సవరించుకోని, "మంత్రం నాది" అనె. మాయమ్మ పిన్నమ్మ తల నిమురతా ఉండె. వాపు తిరగబడొచ్చు, రేపటిదాకా ఈడే పెట్టుకుంటాము, ఇంగ ఈమెను గూళ్ళుండే దగ్గరికి పంపద్దు అని డాక్టరమ్మ చెప్పె.

మరుసటేడు నుంచి చెట్టెక్కే ముందర గూడు ఉండాదా అని సూసేది పద్ధతైపాయె. పెట్టింది మా అవ్వే. "నా సిన్నకోడలు చెట్టు కిందికి రాదు, ఇంట్లో కూసోని గింజలు తీస్తాది" అని ఊరంతా వినేట్ల చెప్తాండె. పిన్నమ్మ నలుగురు బిడ్డల్ని కని, ముసిలిదయ్యేదాకా బతికె.

ఆ ఇంట్లో మాయమ్మ గట్టిగా మాట్లాడింది నేను ఎన్నడూ వినలే. ఆ పొద్దు గూడా గట్టిగా మాట్లాడలే. అదే నాకు గొప్ప. అంతమంది పెద్దోళ్ళ నడుమ ఒక పానం నిలబెట్టె, ఎవురి మొగమూ సిన్నబోలేదు.

ఇప్పుడు ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తాది. మనుషులు మాత్రం అట్లనే ఉండారప్పా. మొన్న మదనపల్లెలో ఒక పెండ్లిలో రొయ్యల కూర తిని ఒక పిల్లకు నోరు, గొంతు పొంగె. ఒకరు లేపి గాలి తగలనీ అంటారు, ఒకరు నిమ్మకాయ నీళ్ళు అంటారు. నేను గుంపులోకి దూరి మొదలు అడిగింది, "ఈడ ఇంటికి పెద్దామె ఎవురమ్మా?" అని. ఆమె వస్తానే, "అమ్మా, నీ చెయ్యి చల్లనిది, ఈ బిడ్డను పండబెట్టి కాళ్ళు ఎత్తి నువ్వే పట్టుకో, ఎవురేమన్నా వదలద్దు" అని చెప్పి, ఫోను తీసి అంబులెన్సుకు కొట్టినా.

అది వచ్చేదాకా ఆమె వదల్లేదు. ఎవురినీ దగ్గిరికి రానీలేదు గూడా.