మట్టికి కప్పిన దుప్పటి

ఈ ఉదయం మేడమీద కుండీల్లో మేకల ఎరువు కలుపుతుంటే తడి గోనెసంచి వాసన తగిలి నా చేతులు ఆగిపోయాయి. ఆ వాసన వెంటే రాజన్న వస్తాడు. ఒమాన్ అంటే ఎండా ఇసుకా అనుకునేవాళ్లు నా మాట నమ్మరు గానీ, జబల్ అఖ్దర్ కొండమీద చలికాలంలో తొట్టిలో నీళ్లు గడ్డకడతాయి. తొంభైల మొదట్లో అక్కడొక చిన్న ఆసుపత్రిలో నేను నర్సును. రాజన్న తోటమాలి, జగిత్యాల వైపు మనిషి. మల్లేశం పోయాక అక్కడ తెలుగువాళ్లం మేమిద్దరమే.

మల్లేశం కూడా తోటపనివాడే, రాజన్న రూమ్‌లోనే ఉండేవాడు. వసంతానికి మడులు తవ్వుతూ తవ్వుతూ గట్టుగోడ మీదనుంచి కింద పడ్డాడు. డాక్టరు కోసం ఎదురుచూస్తూ ఆసుపత్రి గదిలో అతనూ నేనూ తప్ప ఎవరూ లేం. "సిస్టర్, సలి పెడ్తున్నది," అన్నాడు. "ఇదిగో వస్తున్నా," అంటూ రిజిస్టరు రాస్తూనే ఉన్నాను. మళ్లీ అన్నాడు. పేజీ పూర్తిచేసి దుప్పటి తెచ్చేసరికి ప్రాణం పోయింది. దుప్పటి కప్పితే బతికేవాడని కాదు. కానీ అడిగాడు కదా! ఆ సంగతి నేనెవరికీ చెప్పలేదు.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో రాజన్న మళ్లీ మడులు సిద్ధం చేశాడు. గడ్డలు వేళ్లతోనే చిదిపి, ఎరువు కలిపి, పైన తడి గోనెలు కప్పేవాడు. పొద్దున్నే గోనె ఎత్తి, జ్వరం చూసినట్టు మట్టిమీద చేతి వెనకవైపు ఆనించేవాడు. "ఇంకా సల్లగున్నది, సిస్టరమ్మా. జర ఆగాలె," అనేవాడు. ముందు ముట్టుకుని చూడటం, తర్వాత నిర్ణయించడం నేను అతని దగ్గరే నేర్చుకున్నాను.

ఐదు మడులకు గోనెలు. మల్లేశం సగం తవ్వి వదిలేసిన ఆరోదానికి మాత్రం ఆసుపత్రి పాత దుప్పటి.

"మట్టికి దుప్పటేంటి రాజన్నా? చలిజ్వరం వచ్చిందా?" అని వేళాకోళమాడాను. నోటిదురుసు నాకు పుట్టుకతోనే ఉంది.

అతను నవ్వలేదు. "వానికి సలి," అన్నాడు.

దెయ్యాలూ గియ్యాలూ నమ్మేదాన్ని కాదు, ఆదివారం తప్పకుండా ప్రార్థన చేసుకునేదాన్ని. అయినా మర్నాడు ఉదయం డ్యూటీకి వెళ్తూ ఆగి, ఆ దుప్పటి కొస ఎత్తి చెయ్యి పెట్టాను. పక్క మడుల్లో మట్టి మంచుకు రాయిలా బిగిసిపోయి ఉంది. ఇది వెచ్చగా ఉంది, ఎవరో అప్పుడే లేచి వెళ్లిన పక్కలా. అయ్యో ప్రభువా!

"ఎండకి వేడెక్కిందేమో," అన్నాను, వెనక రాజన్న అడుగులు విని. సూర్యుడింకా కొండ దాటి రాలేదు.

"రెండుసార్లు అడిగిండట గదా, సిస్టరమ్మా," అన్నాడు మెల్లగా.

ఆ మడి పక్కనే కూర్చుండిపోయాను. "అవును రాజన్నా, అడిగాడు. నేను లేవలేదు," అని ఏడ్చాను. నీకెవరు చెప్పారని మాత్రం అడగలేదు. ఈనాటికీ నాకు తెలియదు.

అతను తిట్టలేదు, ఓదార్చలేదు. దుప్పటి రెండో కొస నా చేతికిచ్చాడు. "గిప్పుడు కప్పు," అన్నాడు. ఇద్దరం కలిసి అంచులు మట్టిలోకి నొక్కి కప్పాం.

మర్నాడు ఆ మడి కూడా మిగతావాటిలాగే చల్లబడింది. రాజన్న దుప్పటి దులిపి, మడతపెట్టి నాకు తిరిగిచ్చేశాడు. మార్చిలో ఆరు మడులూ కలిసే వేడెక్కాయి, ఆరింటిలోనూ కొత్తిమీర వేశాడు.

ఆ తర్వాత ఎన్నో ఆసుపత్రుల్లో పనిచేశాను. ఏ రోగికీ నన్ను ఏదీ రెండోసారి అడగవలసి రాలేదు. ఇవాళ కుండీలో విత్తనాలు వేసేముందు చెయ్యి తిప్పి మట్టిమీద ఆనించి చూశాను. చల్లగానే ఉంది, మామూలు మట్టిలా. స్తోత్రం చెప్పుకుని, చాలాసేపు ఆ చెయ్యి తియ్యలేకపోయాను.