ఆగమ్మ బతకాల్సిన గడువు

ఓదెలు మా ఊరి మస్కూరి. పటేలు పిలిస్తే పరుగెత్తడమే అతని కొలువు.

డెబ్బై మూడులో పటాన్‌చెరు దిక్కున మా భూములు, కింది ఊరి భూములు ఫ్యాక్టరీల కోసం సర్కారు చేతికి పోతున్నాయి. మధ్యలో ఉన్న చెరువు ఎవరిదో అప్పగింతకు ముందే తేల్చుకోవాలని ఎండాకాలమంతా రాయబారాలు నడిచాయి. మా తరఫున లింగం పటేలు, వాళ్ల తరఫున యాదగిరి. చెరువు ఎవరిదైనా రెండూళ్ల పశువులూ నీళ్లు తాగొచ్చన్నదాకా సాఫీగా కుదిరింది. ఎవరిదన్నది మాత్రం మాటలతో తెగలేదు.

ఇక మిగిలింది పాత ఆనవాయితీ. హద్దు ఎరిగినవాడు తడిమట్టి గంప నెత్తిన పెట్టుకుని పొలిమేర నడవాలి. అప్పగింత దాకా అతని ఇంట్లో చావు లేకపోతే నడక నిజం. ఉంటే అబద్ధం, చెరువు అవతలివాళ్లది.

ఓదెలు నడుస్తాడంటే యాదగిరి వెంటనే ఒప్పుకున్నాడు. మేం మురిసిపోయాం. ఓదెలు నిజాయితీగానే నడిచాడు, చెరువు మా హద్దులోకి వచ్చింది. అతని తల్లి ఆగమ్మ దమ్ము జబ్బుతో మంచం పట్టిందన్న సంగతి యాదగిరికి ముందే తెలుసు. సొంత ఊరివాళ్లం, మాకే పట్టలేదు.

తిన్నావా అని ఏనాడూ అడిగిన పాపాన పోని లింగం పటేలు మర్నాటి నుంచి పాలు పంపాడు, డాక్టరును పిలిపించాడు. కింది ఊరివాళ్లు కూడా రోజూ పలకరింపుకు వచ్చేవాళ్లు. ముసలమ్మ దగ్గితే వాళ్ల ముఖాలు వెలిగేవి. సిగ్గులేని జన్మలు, వాళ్లవీ మావీ.

ఆగమ్మ లేచి కూర్చుంది. అప్పగింత వాయిదా పడాలని బొంతపల్లి వీరభద్రుడికి మొక్కినవాడు ఓదెలు ఒక్కడే.

వాయిదా పడలేదు. తహసీల్దారు వచ్చి భూములు స్వాధీనం చేసుకుని వెళ్లాడు. చెరువు మాకు ఖాయమైంది. మర్నాడు పాలు రాలేదు. ఓదెలు చెంబు పట్టుకుని పటేలు వాకిట్లో నిలబడ్డాడు.

"గడువు అయిపాయె గదరా ఓదెలూ. ఇగ పాలెందుకు?" అన్నాడు లింగం.

మందులూ ఆగిపోయాయి. తొలి వాన పడకముందే ఆగమ్మ పోయింది.

మా పెద్దమనుషులెవరూ గడప తొక్కలేదు. యాదగిరి వచ్చాడు. పాడె పక్కన కూలబడి నిజంగానే ఏడ్చాడు.

"జెర ముందుగాల పోతే ఏమాయె అవ్వా," అన్నాడు.

మోయడానికి ముగ్గురమే ఉన్నాం. ఓదెలు పాడె నాలుగో కొమ్ము యాదగిరికే ఇచ్చాడు.